తమ్ముడు పడేసిన ఆర్‌15: బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

ప్రశ్న: రేపల్లె దగ్గర ఒక ఊరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న 26 ఏళ్ల పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉద్యోగం వచ్చిన కొత్తలో కిస్తీల మీద యమహా ఆర్‌15 వీ4 కొనుక్కున్నారు. మూడేళ్లు కావస్తోంది. నెలకు 5,800 చొప్పున ఇంకా నాలుగు కిస్తీలు కట్టాలి. సంక్రాంతికి బండి మీదే ఊరెళ్లారు. కనుమ రోజు చిన్నాన్న కొడుకు, 19 ఏళ్ల కుర్రాడు, "అన్నా, ఒక్క రౌండు వేసొస్తా" అని బతిమాలితే తాళాలు ఇచ్చారు. ఆ అబ్బాయికి ఉన్నది ఎల్ఎల్ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) మాత్రమే. రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. బ్రేకు వేయగానే ముందు చక్రం జారి బండి వెళ్లి కల్వర్టు గోడకు కొట్టుకుంది. అబ్బాయికి కాలర్ బోన్ విరిగింది, తెనాలిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఇప్పుడు కోలుకుంటున్నాడు.

బండికి ముందు ఫోర్కులు వంగాయి, రిమ్ సొట్టపోయింది, రేడియేటర్ కారుతోంది, ఫెయిరింగ్ (బయటి ప్లాస్టిక్ తొడుగు) ముక్కలైంది. సర్వీస్ సెంటర్ వాళ్లు 88,000 ఎస్టిమేట్ ఇచ్చారు. అందులో ప్లాస్టిక్ సామాను 31,000, లోహపు సామాను 47,000, లేబర్ 10,000. "ఛాసిస్ సంగతి విప్పాకే చెప్తాం" అని కింద రాశారు. బయటి మెకానిక్ ఒకాయన ఫోర్కులు ప్రెస్ మీద సాపు చేసి, సెకండ్ హ్యాండ్ రిమ్ వేసి 34,000లో రోడ్డెక్కిస్తానన్నాడు. ఇన్సూరెన్స్ ఉంది, ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) 1,27,000, జీరో డిప్ (సామాను పాతబడినందుకు కోత లేకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు. షెడ్డు దగ్గర ఒకరు "మీరే నడిపినట్టు ఫారంలో రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు" అని సలహా ఇచ్చారట. నాన్నగారేమో ఇనుప సామానుకి వేసెయ్యమంటున్నారు. ఉన్నదున్నట్టు 45,000కి కొంటానని ఒకాయన వచ్చాడు. చిన్నాన్న డబ్బిస్తానంటే నాన్న వద్దంటున్నారు, చిన్నమ్మ మాట్లాడటం మానేసింది. "చేతిలో 40,000 ఉన్నాయి. బండి మీద ప్రాణం. ఏం చేయాలో తోచక నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

సమాధానం:

మీరడిగిన వాటిలో అన్నిటికంటే తొందరగా తేలాల్సింది క్లెయిమ్ ఫారం. ఇంకా సంతకం పెట్టలేదని రాశారు, మంచి పని చేశారు. నడిపింది మీరేనని మాత్రం రాయకండి.

ఎవరు చూడొచ్చారు అన్నాయన ఒక సంగతి మర్చిపోయాడు. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రికి వెళ్తే మామూలుగా మెడికో లీగల్ కేసు కింద రాసుకుంటారు. ఎవరు, ఏ బండి మీద, ఎక్కడ, ఎలా పడ్డారు అన్నది అందులో ఉంటుంది. మీ తమ్ముడి ఎక్స్‌రే మీద అదే తేదీ ఉంటుంది. కల్వర్టు గోడకు కొట్టుకుని ఫోర్కులు వంగిన బండి మీద మీరు ఉండి, ఒంటి మీద ఒక్క గీత కూడా లేకపోవడం నష్టం చూడటానికి కంపెనీ పంపే ఏ సర్వేయర్‌కైనా అనుమానం తెప్పిస్తుంది. అబద్ధం బయటపడితే క్లెయిమ్ మొత్తం పోతుంది, అంతటితో ఆగకపోవచ్చు కూడా. మోసం చేసి డబ్బు తీసుకోవడం కింద కేసు పెట్టే అవకాశం కంపెనీకి ఉంటుంది. మనం 420 అనుకునే సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. ఉద్యోగంలో ఉన్న మీకు ఆ కాగితం ఎంత బరువో నేను చెప్పక్కర్లేదు. పైగా విచారణకు వచ్చినవాళ్లు మీ తమ్ముడిని కూడా అడుగుతారు. ఇప్పటికే భయపడిపోయి ఉన్న పిల్లాడితో అబద్ధం చెప్పించాల్సి వస్తుంది.

మరి నిజం రాస్తే డబ్బు రాదా అంటే, వెంటనే రాదని చెప్పేయలేం. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నడిపితే పాలసీ చెల్లదని చాలామంది అనుకుంటారు. మన మోటార్ పాలసీల్లో డ్రైవర్ గురించి రాసే క్లాజులో, చెల్లుబాటులో ఉన్న లెర్నర్స్ లైసెన్సు ఉన్నవాళ్లు కూడా నడపవచ్చని ఉంటుంది. కాకపోతే కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 3వ నియమం పాటించాలి. అంటే పక్కన లైసెన్సు ఉన్నవాళ్లు ఉండి నేర్పుతూ ఉండాలి, బండికి 'ఎల్' బోర్డు ఉండాలి. మీ తమ్ముడు ఒక్కడే వెళ్లాడు కాబట్టి మీ కేసు అక్కడే బలహీనపడుతుంది. కంపెనీ తిరస్కరించే అవకాశమే ఎక్కువ. ఆశ పెట్టుకోమని చెప్పను. అయినా జరిగింది జరిగినట్టు రాసి క్లెయిమ్ వేయడంలో మీకు పోయేదేమీ లేదు. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. అది సబబుగా లేదనిపిస్తే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. వాళ్లు నెల రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ ఆఫీసు కిందకే వస్తాయి, ఫీజు ఉండదు, లాయరూ అక్కర్లేదు.

క్లెయిమ్ వేయాలనుకుంటే మాత్రం ఈరోజే కంపెనీకి తెలియజేయండి. సర్వేయర్ వచ్చి చూసేదాకా బండి మీద ఎవరినీ స్పానర్ పెట్టనివ్వకండి. మెకానిక్ ముందే విప్పేస్తే, ఏది ఈ ప్రమాదంలో విరిగింది, ఏది అంతకుముందే పోయింది అనే పేచీ మొదలవుతుంది.

ఇక్కడ ఇంకో మాట. మీరు ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి బీమా) ఏటా రెన్యువల్ చేయిస్తూ వచ్చారు. ఇది చదివే చాలామంది పరిస్థితి అలా ఉండదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి చేశాక, షోరూంలో ఇచ్చిన కాగితం మీద అయిదేళ్లు అని చూసి నిశ్చింతగా ఉంటున్నారు. సాధారణంగా అందులో సొంత బండికి రక్షణ మొదటి ఏడాదికే ఉంటుంది. ఆ తర్వాత విడిగా కట్టుకోకపోతే సొంత బండి రిపేరుకు రూపాయి రాదు. దయచేసి ఒకసారి కాగితాలు తీసి చూసుకోండి.

ఇక బండి సంగతి. మీ ఉత్తరంలో ఎవరిది తప్పు అన్నదాని మీద చాలా రాశారు, ఛాసిస్ గురించి ఒక్క వాక్యమే ఉంది. నిజానికి మీ నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది. గోడకు ఎదురుగా కొట్టుకున్న స్పోర్ట్స్ బండిలో దెబ్బ ఒక వరసలో వెనక్కి ప్రయాణిస్తుంది: టైరు, రిమ్, ఫోర్కులు, వాటిని పట్టుకుని ఉండే టీ, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు), ఆ తర్వాత ఛాసిస్ మెడ. మధ్యలో ఎక్కడ ఆగిందో పైకి కనిపించదు. ఫోర్కులు వంగి దెబ్బంతా మింగేసి ఛాసిస్‌ను కాపాడిన బండ్లూ ఉంటాయి. పైకి ఫోర్కులు బాగానే ఉండి మెడ దగ్గర పగిలినవీ ఉంటాయి. కాబట్టి 34,000 అన్నాయనా, 88,000 అన్నవాళ్లూ ఇద్దరూ ఇప్పటికి ఊహించే చెబుతున్నారు.

సర్వే అయ్యాక, లేదా క్లెయిమ్ వద్దనుకున్నాక, ముందు భాగం వరకే విప్పి చూపించమని అడగండి. విప్పిన లేబర్ ఇస్తానని, మిగతా పని తర్వాత చెబుతానని రాసివ్వండి. విప్పేటప్పుడు మీరు అక్కడ ఉండండి. ఫోర్కు లోపలి ట్యూబులు, అంటే మీ బండికి కింద మెరుస్తూ కనిపించేవి, బయటికి తీసి మందపాటి అద్దం పలక మీద మెల్లగా దొర్లించమనండి. నిటారుగా ఉంటే ట్యూబుకీ అద్దానికీ మధ్య సందు మారదు. వంగి ఉంటే ఒకచోట సందులోంచి వెలుతురు కనిపిస్తుంది, ఇంకాస్త దొర్లితే మూసుకుంటుంది. మీ కళ్లతో మీరే చూడొచ్చు. డయల్ గేజ్ ఉన్న లేత్ షాపుకు తీసుకెళ్తే అంకె కూడా చెబుతారు. యమహా సర్వీస్ మాన్యువల్స్‌లో మామూలుగా ఇచ్చే హద్దు 0.2 మిల్లీమీటర్లు. అదే పేజీలో, వంగిన ట్యూబును సాపు చేసే ప్రయత్నం చేయొద్దని, చేస్తే ప్రమాదకరంగా బలహీనపడుతుందని హెచ్చరిక కూడా ఉంటుంది.

అందుకే ప్రెస్ మీద సాపు చేస్తానన్న మాట దగ్గర నేను గట్టిగా వద్దంటాను. ఆ మెకానిక్ చెడ్డవాడని కాదు. మామూలు కమ్యూటర్ బండ్లకు ఫోర్కు బెండు తీయడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. నిటారుగా కనిపించేలా చేయగలడు కూడా. కానీ ఒకసారి వంగి మళ్లీ వంచబడిన లోహం లోపల అలిసిపోయి ఉంటుంది. మీరు హైవే మీద గట్టిగా ముందు బ్రేకు పట్టిన రోజున బరువంతా వచ్చి పడేది ఆ చోటు మీదే. రిమ్ కూడా అంతే. పోతపోసిన అల్లాయ్‌ను వేడి చేసి సొట్ట తీస్తే కంటికి కనపడని పగులు మిగిలిపోవచ్చు. ట్యూబులు, కింది టీ, రిమ్, ఇరుసు, కోన్‌సెట్, ముందు బ్రేకు సామాను మాత్రం కొత్తవే వేయించుకోండి. టైరు లోపలి వైపు కూడా తిప్పి చూడండి, గోడకు నొక్కుకుపోయినచోట దారాలు తెగి ఉండొచ్చు. ఏబీఎస్ సెన్సర్ రింగ్ చూడటం మర్చిపోతారు, అది వంగితే డాష్‌బోర్డు మీద లైటు ఆరదు.

డబ్బు మిగుల్చుకోవడానికి వేరే చోట్లున్నాయి. ఫెయిరింగ్‌ను ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించుకోవచ్చు, సెకండ్ హ్యాండ్ వేసుకోవచ్చు, హెడ్‌లైటు స్టే (హెడ్‌లైటును పట్టి ఉంచే ఫ్రేము) సరిగ్గా నిలబెట్టుకుంటే మిగతా ప్యానెళ్లు కొన్నాళ్లు లేకుండానే నడుపుకోవచ్చు. సైలెన్సర్ మీద గీతలు, ఫుట్‌రెస్ట్ గీతలు అలాగే వదిలేయండి. రేడియేటర్‌ను గాలి పెట్టి పరీక్షించాక చిన్న కారుడు అయితే అతికించుకోవచ్చు, రెక్కల మధ్య ట్యూబులే నలిగితే మార్చాలి. అప్పటిదాకా ఎంత సరదాగా అనిపించినా ఇంజన్ స్టార్ట్ చేయకండి.

ఛాసిస్ చూసేటప్పుడు మెడ చుట్టూ పెయింటు చూడండి. సన్నటి బీటలు, ముడతలు ఉంటే లోహం కదిలిందని అర్థం. హ్యాండిల్‌ను చివరిదాకా తిప్పినప్పుడు ఆగే స్టాపర్ నలిగిందేమో చూడండి. కొత్త ఫోర్కు, కొత్త రిమ్ వేశాక దారం పరీక్ష చేయమనండి. వెనక టైరుకు రెండు పక్కలా ఆనించి రెండు దారాలు ముందుకు లాగితే, మీ బండికి వెనక టైరు 140, ముందుది 100 కాబట్టి, ముందు టైరుకు ఇరువైపులా సుమారు రెండేసి సెంటీమీటర్ల ఖాళీ రావాలి. ఒక పక్క ఒకటి, ఇంకో పక్క మూడు వచ్చిందనుకోండి. మొదట వెనక చక్రం ఇరుసు గుర్తులు సరిచూడమనండి. అవి సరిగ్గా ఉండి, ఫోర్కు కొత్తదై కూడా గీత కలవలేదంటే తప్పు ఛాసిస్‌లో ఉందని అనుమానించాలి. ఛాసిస్ మార్చాల్సి వస్తే దాని మీద నంబరు ఉంటుంది కాబట్టి ఆర్టీఏకు తెలియజేసి ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు కలిపి చూస్తే ఈ బండికి అక్కడితో ఆపేయడమే మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్కలు. క్లెయిమ్ ఒప్పుకున్నారే అనుకుందాం. జీరో డిప్ లేదు కాబట్టి ప్లాస్టిక్ మీద సగం, అంటే 15,500 మీ చేతి నుంచి పోతుంది. రెండు నుంచి మూడేళ్ల బండికి లోహపు సామాను మీద 15 శాతం కోత, అంటే 7,050. లేబర్ పూర్తిగా ఇస్తారు. తప్పనిసరి మినహాయింపు 100. మొత్తం మీరు పెట్టుకోవాల్సింది 22,650 దగ్గర తేలుతుంది. ఛాసిస్ కూడా చేరి, సర్వేయర్ లెక్కలో మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం, అంటే 95,250 దాటితే టోటల్ లాస్ కింద పరిగణిస్తారు. అప్పుడు మరమ్మతు మాట పోయి ఐడీవీ లెక్కన సెటిల్ చేస్తారు, ముందు ఫైనాన్స్ బాకీ తీరి మిగతాది మీకు వస్తుంది. బండి మాత్రం పోతుంది. దీనికి మీ మనసు సిద్ధంగా ఉందో లేదో ముందే చూసుకోండి.

క్లెయిమ్ రాలేదు, ఛాసిస్ బాగుంది అనుకుందాం. ప్లాస్టిక్ పక్కన పెడితే లోహపు సామాను, లేబర్ కలిపి 57,000. మీ దగ్గర 40,000 ఉన్నాయి. మిగతా 17,000 కోసం అప్పు చేయకండి. సామాను ఒక్కసారిగా కొనాలని లేదు, కిస్తీలు అయిపోయేదాకా బండి షెడ్డులో ఉన్నా నష్టం లేదు. బ్యాటరీ కేబుల్ తీసి, కవరు కప్పి ఉంచండి. బాగైన బండి మునుపటిలా ఉంటుందా అంటే, ముందు భాగం కొత్త సామానుతో సరిగ్గా బిగిస్తే నడకలో తేడా రాకూడదు. అమ్మేటప్పుడు మాత్రం ధర తగ్గుతుంది, ప్రమాదం సంగతి కొనేవాళ్లకు చెప్పాలి కూడా.

అమ్మేయడం కూడా తప్పేమీ కాదు. 45,000 వస్తే కిస్తీలకు 23,200 పోను దాదాపు 22,000 మిగులుతుంది. రేపెప్పుడైనా ఇంకో పాత బండి కొనుక్కుంటే అదే మొదటి వాయిదా. కానీ విప్పి చూడకుండా అమ్మితే ఛాసిస్ బాగున్న బండిని పాడైన బండి ధరకు ఇచ్చేసినట్టు కావచ్చు. కొనేవాడు "ఆర్‌సీ తర్వాత మార్చుకుంటాలే, తాళాలివ్వు" అంటే వెంటనే వద్దనండి. ముందు ఫైనాన్స్ కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్‌సీ మీద అప్పు నమోదు) తీయించి, ఫారం 29, 30తో బదిలీ పెట్టాకే బండి గేటు దాటాలి. పేరు మారకుండా ఆ బండి ఎక్కడ ఎవరిని గుద్దినా ఆర్‌సీలో ఉన్న మీరే బాధ్యులు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఇనుప సామానుకి వేసినా అంతే. ఇంజన్, ఛాసిస్ నంబర్లు వేరే బండి మీద తేలితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

ఇక ఇంటి సంగతి, ఉత్తరంలో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఇదే. తాళాలు ఇచ్చింది మీరు. చట్టం కూడా అలాగే చూస్తుంది. లైసెన్సు లేనివాళ్లకు బండి ఇచ్చిన యజమానికి మోటారు వాహనాల చట్టం 180 సెక్షన్ కింద 5,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు ఇది చెప్పడం. చిన్నాన్న డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. మొత్తం ఖర్చు ఆయన మీద వేయడం న్యాయం కాదు. మీ నాన్న చెప్పినట్టు రూపాయి కూడా తీసుకోకపోతే చిన్నాన్న ఆ బరువు మోస్తూ ఉంటారు, రేపు పండక్కి అందరూ కూర్చున్నప్పుడు అది ఇంకో రూపంలో బయటికొస్తుంది. నేనైతే మధ్యలో ఒక దారి చూస్తాను. విప్పి చూశాక బిల్లు కాగితం చిన్నాన్న ముందు పెట్టి, "బాబాయ్, ఫోర్కు ట్యూబుల బిల్లు మీరు కట్టండి, మిగతాది నేను చూసుకుంటా" అనండి. డబ్బు మీ చేతికి రానక్కర్లేదు, షాపులోనే కట్టమనండి. ఈ మాట ముందు మీ నాన్నతో ఒంటరిగా చెప్పి, ఆయన ఊ అన్నాకే చిన్నాన్న దగ్గరకు వెళ్లండి. అన్నదమ్ముల మధ్య మీరు ముందు నడిచినట్టు ఆయనకు అనిపించకూడదు. ఆయన ససేమిరా అంటే డబ్బు మాట వదిలేయండి, 17,000 కోసం అది చెడగొట్టుకునే బంధం కాదు.

చిన్నమ్మ కోపం మీ మీద కాకపోవచ్చు. కొడుకు అంత దెబ్బతో ఇంటికొస్తే తల్లికి ముందు ఆ బండే కనిపిస్తుంది. మీరు ఫోన్ చేసి బండి ఊసెత్తకుండా వాడి భుజం ఎలా ఉందో అడగండి. ఆవిడ పొడిపొడిగా మాట్లాడినా మళ్లీ రెండ్రోజులకు చేయండి.

మీ తమ్ముడు రోజూ "అన్నా, బండి ఏమైంది" అని మెసేజ్ పెడుతున్నాడని, జవాబు ఇవ్వలేకపోతున్నానని రాశారు. ఇవ్వండి, ఈ రాత్రికే ఇవ్వండి. చెయ్యి నయమయ్యాక ఒక ఆదివారం వాడిని షెడ్డుకు తీసుకెళ్లి, ఆ వంగిన ట్యూబు చేతికిచ్చి అద్దం మీద దొర్లించమనండి. తిట్టకండి. అలాగే ఎల్ఎల్ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత, దాని ఆర్నెల్ల గడువు లోపల, డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చని చెప్పి, వాడితో స్లాట్ బుక్ చేయించండి. ఆరోజు వాడు ఏ హెల్మెట్ పెట్టుకున్నాడో, అసలు పెట్టుకున్నాడో లేదో మీరు రాయలేదు. మీ హెల్మెట్టే అయి ఉండి, తల నేలకు తగిలి ఉంటే, పైన గీత మాత్రమే కనిపించినా అది మళ్లీ వాడకండి. లోపలి థర్మాకోల్ పొర ఒకసారి నొక్కుకుపోతే రెండోసారి కాపాడదు. బండి బడ్జెట్‌లో ముందు ఐఎస్ఐ గుర్తున్న కొత్త హెల్మెట్ వేసుకుని, ఆ తర్వాత ఫెయిరింగ్ సంగతి చూడండి.

బండి బాగై వస్తే మొదటిసారి ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి చూడండి. బండి ఒక పక్కకు లాగినా, మెల్లగా తిప్పేటప్పుడు హ్యాండిల్ మధ్యలో కట్ కట్ మని పట్టినా ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడి నుంచే షెడ్డుకు వెనక్కి తిప్పండి. కొత్త కోన్‌సెట్ కొంత సర్దుకుంటుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగువు చూపించుకోవాలి. మార్చిన పాత ట్యూబులు, రిమ్ బిల్లుతో పాటు అడిగి ఇంటికి తెచ్చుకోండి, కొత్తవి నిజంగా వేశారని చెప్పడానికి అవే ఆధారం.